కదియుమ్మ చేతిరాత

పరప్పనంగాడి
12 జూన్ 1990

సైతూ,

అల్లా నిన్నూ మైమూన్‌నీ పిల్లల్నీ చల్లగా చూడాలి. ఇక్కడ నేను, అబ్బాయి బీరాన్, కోడలు సుబైద, ఆరు కోళ్లు బాగానే ఉన్నాం. ఏడో కోడిని ముంగిస ఎత్తుకుపోయింది.

నీ అక్క, ఈ నీ ఇత్త, నిరక్షరాస్యురాలని నీకు తెలుసా? మొన్న సోమవారం దాకా నాకూ తెలియదు.

వసారాలో కూర్చుని పనసకాయ ఒలుస్తున్నాను. స్కూలు మాస్టారి కూతురు ప్రసన్న, ఆమె వెనక రిజిస్టరు పట్టుకున్న కళ్లద్దాలాయన వచ్చారు. చదువు రాని మనిషి జిల్లాలో ఒక్కరూ మిగలకూడదట, ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తున్నారట. చదవడం వచ్చా అని అడిగాడాయన. ఎందుకు రాదన్నాను. చేతుల జిగురు నూనెతో వదిలించుకుని, కాన్పుల దగ్గర పాడే భక్తిపాటల మాల పుస్తకం తెచ్చి, రెండు పుటలు రాగంతో చదివి వినిపించాను. ప్రసన్న చెవులప్పగించి విన్నది.

"ఇది అరబ్బీ కదా ఉమ్మా" అన్నాడు కళ్లద్దాలాయన.

"అక్షరాలు అరబ్బీవి. మాట మలయాళం. నేను చదివింది నీకు అర్థమైందా, కాలేదా?"

"అయింది."

"మరి?"

ఆయన తల గోక్కుని, సంచిలోంచి పేపరు తీసి నా ముందు పెట్టాడు. ఆ గుండ్రటి మలయాళం అక్షరాలు నాకెక్కడొచ్చు? రిజిస్టర్లో ఏదో గీశాడు. ఏం రాశావని అడిగితే ఆయన రిజిస్టరు మూసేశాడు. ప్రసన్నే తల దించుకుని చెప్పింది. పట్టికలో ఇంకో గడి లేదు ఉమ్మా, సాయంత్రం మా పశువుల పాకలో అక్షరాల క్లాసుకి రండి అని కూడా అన్నది.

ఈ వీధిలో పదకొండు మంది ఆడవాళ్లు అరబ్బు దేశాల్లో ఉన్న మొగుళ్లకు నా చేతే ఉత్తరాలు రాయించుకుంటారు. వాళ్లకు వచ్చినవీ నేనే చదివి పెడతాను. ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. సుబైద వంటింట్లో నవ్వాపుకోలేకపోయింది. తొమ్మిదో క్లాసు చదివిన పిల్ల, మన రాతలో ఒక్క ముక్క చదవలేదు.

నేను నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు. మరొక సంగతి. నీ పోయిన ఉత్తరంలో వరసలన్నీ చివరికొచ్చేసరికి కిందికి జారిపోయాయి. కళ్లు చూపించుకున్నావా?

నీ చేత అక్షరాలు దిద్దించిన
ఇత్త కదియుమ్మ


దిండిగల్
3 జులై 1990

ఇత్తా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, ఏమైందోనని మైమూన్ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. ఆమెకు తమిళంలో చెప్పబోయాను కానీ ఆ మజా రాలేదు.

నువ్వు సోమవారం నిరక్షరాస్యురాలివి అయ్యావు. నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్ల నుంచి అదే. తమిళం మాట్లాడతాను, తమిళంలో పోట్లాడతాను, చదవలేను. బస్సుల్ని రంగుని బట్టీ సొట్టల్ని బట్టీ గుర్తు పడతాను. నా టీ కొట్టుకి బోర్డు రాయించిన సంగతి నీకు చెప్పానా? సైతలవి అనే పేరు ఆ పెయింటరు ఎన్నడూ వినలేదు. ఆరేళ్ల తర్వాత ఒక పోస్టుమాను, సీతాలక్ష్మి ఎవరు, మీ ఆవిడా అని అడిగితే తెలిసింది. ఆరేళ్లూ నేను సీతాలక్ష్మి టీ స్టాల్ నడిపాను. మార్చలేదు. బేరం బాగానే ఉంది.

కళ్ల సంగతి అడిగావు. చక్కెర జబ్బు అన్నారు. పొయ్యి పొగ కూడానేమో. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. కాలి వేలు మీద పుండొకటి మానడం లేదు. పెద్ద విషయం కాదు. ఈసారి కొంచెం పెద్దగా రాయి.

ఆ పిల్ల పిలిస్తే క్లాసుకి వెళ్లకూడదా? నీకు పోయేదేముంది? నువ్వు నేర్చుకుంటే ప్రసన్నే నీ దగ్గర చదువుకోవాల్సొస్తుంది.

సీతాలక్ష్మి అనబడే
నీ సైతు


పరప్పనంగాడి
21 జులై 1990

సైతలవికి,

నువ్వు పెద్దగా రాయమన్నావని ఖర్జూరపు కాయలంత అక్షరాలు రాస్తున్నాను. ఒక మాట చెప్పడానికి ఒక కాగితం అయిపోయేట్టుంది.

క్లాసుకి పొమ్మంటున్నావు. ఆ మాట నువ్వనకుండా ఉండాల్సింది. ఓత్తుపల్లి బడిలో చాప మీద నువ్వు నిద్రపోతుంటే వేలు పట్టుకుని రాయించిన దాన్ని నేను. ఉస్తాదు బెత్తం నీ మీద పడకుండా నా పలక నీకిచ్చిన దాన్ని నేను. ఇప్పుడు ఈ యాభై ఎనిమిదో ఏట పశువుల పాక అరుగు మీద కూర్చుని తర, పర అని దిద్దాలా? దిద్దితే, ఇన్నాళ్లూ నాకు రానట్టేగా? ఆ రిజిస్టర్లో రాసిందానికి నేనే వేలిముద్ర వేసినట్టవుతుంది.

ప్రసన్న రోజూ వస్తుంది. మంచి పిల్ల. టీ ఇచ్చి పంపిస్తున్నాను.

పుండుకి వేపాకు, పసుపు నూరి కట్టు. చెప్పులు లేకుండా తిరక్కు. జవాబు రాయాలనిపిస్తే రాయి.

కదియుమ్మ


మదురై, ఆసుపత్రి
2 సెప్టెంబరు 1990

ఇత్తా,

ఇది నా రాత కాదు. పాలా వైపు నుంచి వచ్చిన మలయాళీ క్రైస్తవ పిల్ల ఒకతి ఇక్కడ నర్సు. పేరు అన్నక్కుట్టి. డ్యూటీ దిగాక నా మంచం పక్కన కూర్చుని నేను చెప్పింది రాస్తోంది. మన అక్షరాలు ఈమెకు రావు. సుబైద చేత చదివించుకో.

నేను దాచాను, తప్పే. ఎడమ కన్ను జులైలోనే పోయింది. కుడి కన్ను నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందు పోయింది. ఇప్పుడు వెలుగు, చీకటి తెలుస్తాయి, అంతే. నీ ఉత్తరం తలగడ కింద ఉంది. ఇంట్లో అందరికీ తమిళమే వచ్చు. వార్డులో తిప్పాను, ఎవరికీ రాలేదు. పెద్దగా రాశావని మాత్రం వేలు పెడితే తెలుస్తోంది. పెన్ను గట్టిగా నొక్కి రాశావు కాబట్టి తిట్టే ఉంటావు.

పుండు వేలు దాటి మడమ దాకా నల్లబడింది. ఈ నెల ఇరవై రెండున మోకాలి కింద తీసేస్తారట.

నువ్వు రా ఇత్తా. ఇరవై రెండుకి ముందు రా. కోతకి భయం లేదు. ముప్పై ఏళ్లు తమిళం మాట్లాడాను కదా, నొప్పి వచ్చినప్పుడు అది నోటికి రావడం లేదు. మన మాటలో అరుస్తుంటే మైమూన్‌కి అర్థంకాక పక్క మంచం వాళ్ల ముఖాలు చూస్తోందట. నువ్వు పక్కన కూర్చుని మాల చదువు. లేకపోతే జులైలో నన్ను తిట్టింది చదువు. ఏదైనా సరే.

నీ సైతు

ఉమ్మా, నేను అన్నక్కుట్టిని. మీ వైపు నుంచి వచ్చే కోయంబత్తూరు రైలు ఎన్నింటికి వస్తుందని ఈయన రోజూ నన్నడుగుతున్నాడు. వీలైతే రండి.


పరప్పనంగాడి
11 సెప్టెంబరు 1990

సైతూ,

నీ ఉత్తరం సుబైద చదివి పెట్టింది. పాలు పొంగి చెయ్యి కాలిందని, అందుకే తెలిసినావిడ చేత రాయించావని అన్నది. మిగతా అంతా క్షేమమట, కొట్లో తీరిక లేదట, నా ఉత్తరం అందిందట. నాలుగు పుటల ఉత్తరంలో ఇంతేనా విశేషాలు? ఎసరు మరిగేలోపే చదవడం అయిపోయింది.

చెయ్యి కాలితే వారం ఆగి నువ్వే రాయొచ్చు కదా. నా మీద కోపమా? పోయినసారి ఘాటుగా రాశాను, నిజమే. నా కోపం నీకు తెలియనిదా? లేక మన రాత నీకూ చిన్నతనమై పోయిందా? నీ చేతిరాత చూడకపోతే నువ్వు మాట్లాడినట్టే ఉండదు నాకు.

ఇక్కడ వానల్లో ఒకనాడు నేను పెరట్లో కళ్లు తిరిగి పడ్డాను. గుండె బలహీనంగా ఉందని, బస్సూ రైలూ ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. బీరాన్ అప్పటినుంచి నన్ను గాజుబుడ్డిలా చూస్తున్నాడు. ఆ డాక్టరుకేం తెలుసు? నబి పుట్టినరోజు అయ్యాక నేను రానా?

నీ ఇత్త


మదురై, ఆసుపత్రి
4 అక్టోబరు 1990

ఇత్తా,

అన్నక్కుట్టే రాస్తోంది.

నీ ఉత్తరం పద్దెనిమిదిన అందింది. మసీదు హజ్రత్తు రోగుల్ని చూడటానికి వస్తే మైమూన్ బతిమాలి మంచం దగ్గర కూర్చోబెట్టింది. ముసలాయన, మంచివాడు. మలయాళం ఒక్క ముక్క రాదు కానీ అక్షరాలు అరబ్బీవే కాబట్టి కూడబలుక్కుని చదివాడు. మనం అదనంగా చుక్కలు పెట్టుకున్న అక్షరాల దగ్గరే తడబడ్డాడు. ఆయన ఫాలు అంటే నేను పాలు అనుకోవాలి. అర్థం తెలియని మనిషి నోట్లోంచి నీ మాటలు రావడం ఎట్లా ఉందో నీకు చెప్పలేను. సగం దొరికింది, సగం పోయింది.

చెయ్యి కాలిందని విన్నాను. నీదేనా? మందు రాస్తున్నావా? కళ్లు తిరిగి పడ్డావనీ డాక్టరు వద్దన్నాడనీ కూడా అర్థమైంది.

చివరికొచ్చేసరికి, "నేను రాను" అని చదివాడు. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే. దాని కింద ఇంకేం లేదా అని అడిగితే, పేరు మాత్రం ఉందన్నాడు.

గుండె బాగాలేదు కాబట్టి రాలేవు. లేక కోపం తగ్గలేదు. ఏదైతేనేం. ఇరవై రెండున కాలు తీసేశారు. లేని వేలు ఇంకా దురద పెడుతోంది. ఇక రమ్మని అడగను, నిన్ను ఇబ్బంది పెట్టను.

సైతలవి


పరప్పనంగాడి
20 మార్చి 1991

సైతూ,

ఇది ఎవరి చేతా రాయించలేదు. నేనే రాస్తున్నాను, నర్సమ్మ చదవగలిగే అక్షరాల్లో. నాలుగు రోజులైంది మొదలుపెట్టి. తప్పులుంటే ఆ అమ్మాయి సర్దుకుని చదవాలి.

రాను అనలేదురా. "రానా" అని అడిగాను. చివరి అక్షరం మీద గీత సరిగా పడలేదేమో. అప్పుడే పెన్నులో సిరా అయిపోవచ్చింది.

నీ కాలు పోయిన సంగతి నాకు జనవరిలో తెలిసింది.

అక్టోబరు ఉత్తరం వచ్చినప్పుడు సుబైద, వానలు కదా ఇప్పుడు రావద్దని అన్నాడు, రంజానుకి తనే వస్తాడట అని చదివింది. రావద్దన్నావని నాకు రోషమొచ్చి రాయడం మానేశాను. కానీ ఒకరోజు ఉబుసుపోక, పాత ఉత్తరం తీసి పాలు పొంగిన మాట ఎక్కడుందో చూపించమని సుబైదని అడిగాను. రెండో పుటలో వేలు పెట్టింది. మర్నాడు మళ్లీ అడిగాను. మొదటి పుటలో పెట్టింది.

ఆ సాయంత్రమే ప్రసన్న వాళ్ల పశువుల పాకకి వెళ్లాను. చాప మీద తొమ్మిది మంది ముసలివాళ్లు, మధ్యలో లాంతరు. నన్ను చూసి, ఉత్తరాల ఉమ్మకి ఇక్కడేం పని అని నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. తర, పర దిద్దాను. కుడి నుంచి ఎడమకి పోయే చెయ్యి నాది. ఎడమ నుంచి కుడికి తిప్పేసరికి వేళ్లు వాచిపోయాయి.

జనవరిలో సుబైద పుట్టింటికి వెళ్లింది. ఉత్తరాల పెట్టె తీసి మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక మొదలుపెట్టాను. సాయంత్రం అసర్ బాంగు వినిపించే వేళకి, "ఇరవై రెండుకి ముందు రా" అన్న చోటికి వచ్చాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వచ్చాను కాబట్టి నువ్వు రమ్మంటున్నావని ఒక్కసారిగా తెలియలేదు. ముందు ఇరవై అని తెలిసింది, తర్వాత రెండు అని.

కోడలు తిరిగొచ్చాక అడిగాను. దాచింది బీరాన్ మాట మీదే. "ఉమ్మా, మీరు వింటే వెంటనే బయల్దేరతారు. దారిలో మీకేమన్నా అయితే మీ అబ్బాయికి నేనేం జవాబు చెప్పాలి" అని ఏడ్చింది. ఆమె కళ్లు నేనే తుడిచాను సైతూ. ఎందుకంటే నేనూ అదే పని చేశాను. అవతలి వీధి ఇమ్మాచ్చు మొగుడు సౌదీ దమ్మాంలో ఇంకో పెళ్లి చేసుకున్నానని రాస్తే, వచ్చే ఏడు వస్తాడట అని చదివాను. మూడేళ్లు ఎదురుచూసింది. అది దయ అనుకున్నాను. మొన్న వెళ్లి చెప్పాను. ఆమె, నాకు రెండో ఏడే తెలుసు, మీరు బాధపడతారని అడగలేదని అన్నది.

చదవడం జనవరికి వచ్చింది, రాయడం రాలేదు. మన రాతలో రాస్తే నీకు చదివేవాళ్లు లేరు. ఇంకొకరి చేత రాయించడానికి నాకిక నమ్మకం లేదు.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం పరీక్ష పెట్టారు. చివరి ప్రశ్న, మీ బంధువుకు ఒక ఉత్తరం రాయండి. నేనెక్కడ కూర్చున్నానో మర్చిపోయి రాశాను. మన ఉమ్మ చనిపోయిన రోజు నీకు చెప్పనివి కూడా రాశాను. గంట కొట్టి కాగితాలు తీసుకుపోయారు. అది మా తమ్ముడికి రాసింది, ఇచ్చేయమని అడిగాను. వచ్చింది ఆ కళ్లద్దాలాయనే. "జవాబు పత్రాలు తిరిగివ్వకూడదు ఉమ్మా. జిల్లా ఆఫీసుకి పోవాలి" అన్నాడు. కనీసం చూసి ఎత్తి రాసుకుంటానన్నాను. మూట కట్టేశామన్నాడు. పాపం, ఆయన ముఖం కూడా చిన్నబోయింది. ఎనభై ఆరు మార్కులు వేశారట. చదివినవాళ్లు ఉత్తరం బాగుందనుకున్నారో, అక్షరాలు బాగున్నాయనుకున్నారో తెలియదు.

అందులో రాసినట్టు ఇందులో రావడం లేదు. మూడు కాగితాలు చించాను.

నిన్నటి నుంచి రంజాను రోజా మొదలైంది. పండగయ్యాక తీసుకెళ్తానని బీరాన్ అంటున్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఏమవుతుందో నాకు తెలియదు.

నీ ఇత్త కదియుమ్మ


దిండిగల్
11 ఏప్రిల్ 1991

ఇత్తా,

అన్నక్కుట్టి వేరే ఆసుపత్రికి మారిపోయింది. పోతూ పోతూ నీ ఉత్తరాన్ని ఇంటి అడ్రసుకి పంపించింది. మా బజారు చివర పాలక్కాడు మలయాళీ కృష్ణన్‌కుట్టి బేకరీ పెట్టాడు. ఆయన చదివాడు, ఇదీ ఆయనే రాస్తున్నాడు. ఆయన ప్రతి మాటనీ సాగదీస్తాడు కాబట్టి నీ కోపం కూడా పాటలా వినిపించింది. మైమూన్ పొయ్యి ఆపి కూర్చుంది.

రానా అన్న చోట ఇంకోసారి చదవమన్నాను. సుబైదని ఏమీ అనకు. ఆ పిల్ల నిన్ను బతికించాలనుకుంది.

ఒక సంగతి చెప్పాలి. నీకు కోపం రాకూడదు. ముప్పై ఏళ్లుగా నువ్వు రాసిన ఉత్తరాలు బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంటికి సున్నం వేయిస్తూ మైమూన్ ఆ డబ్బా తీసింది. ఇక చదివేవాళ్లు లేరు. అరబ్బీ అక్షరాలు కాళ్ల కింద పడితే పాపం. చిరిగిన కురాను కాగితాల్ని ఇక్కడి మసీదులో తెల్లగుడ్డలో చుట్టి, రాయి కట్టి, పాతబావిలో దించుతారు. వాటితోపాటే నీ ఉత్తరాలూ, నా తలగడ కిందివి కూడా, దించేశారట. దువా కూడా చేశారట. ఉమ్మ మూలవ్యాధి, నీ కోళ్లు, పెదబాప్పను నువ్వు తిట్టిన తిట్లు, అన్నీ అట్లా గౌరవంగా నీళ్లలోకి దిగాయి. నాకు ఇంటికొచ్చాక చెప్పారు. మైమూన్‌ని ఏమనను? మంచి పనే చేశాననుకుంది.

ఒక్కటి మిగిలింది. కోతకి ముందు రోజు, మంచి జరగాలని, చేతికందిన ఉత్తరాన్ని డబ్బాలోంచి తీసి, చిన్నగా మడిచి, తోలుతో కుట్టించి నా కుడి దండకి తావీజులా కట్టింది. కురాను వాక్యాలే రాసి ఉంటాయని ఆమె నమ్మకం. ఏ ఏడు రాసిందో, ఏముందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. ఎండలకి చెమట పట్టి దురద పెడుతోంది. విప్పితే అరిష్టమని మైమూన్ ఒప్పుకోదు. నేనూ బలవంతం చేయడం లేదు.

పండగయ్యాక నువ్వు రాగలిగితే నువ్వే విప్పి చదువు. రాలేకపోతే నాతోపాటు అదీ మట్టిలోకి వస్తుంది.

నీ సైతు
(కృష్ణన్‌కుట్టి చేత రాయించింది)